కొండకో ముక్కు, గొట్టానికో ముక్కు

ఆనందపురం కూడలిలో తెల్లవారకముందే బేరాలు మొదలవుతాయి. విశాఖ నుంచి విజయనగరం వైపు పోయే జాతీయ రహదారి పక్కనే పూల మార్కెట్. గోనెలు విప్పేసరికి బంతి, చామంతి, మల్లె, కనకాంబరం గుట్టలు పడతాయి. ఓ రోజు నేను అక్కడ గుప్పెడు మల్లెలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బుట్ట వెనక కూర్చున్న పెద్దావిడ గభాల్న చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటి బాబూ, వాసన సూసేసినావేటి? గుడికెల్లే పువ్వది. నువ్వు సూసినాక ఆ తల్లికెలా పెడతారు?"

తప్పయిపోయిందమ్మా అని ఆ గుప్పెడూ నేనే కొనుక్కున్నాను. ఆవిడ నవ్వి, "వాసన సూడాలంటే కనకాంబరాలు సూసుకో, ఎవులూ ఏటీ అనరు" అంది. కనకాంబరానికి వాసనే ఉండదు మరి.

వాసన చూసిన పువ్వు దేవుడికి పనికిరాదని మన ఆచారం. ఇంగ్లీషు వాళ్లకేమో ముక్కు దగ్గర పెట్టుకోవడానికే కట్టిన పూలగుత్తి ఒకటుంది. దాని పేరు 'నోస్‌గే'. నోస్ అంటే ముక్కు. 'గే' అన్న మాటకి ఆ రోజుల్లో ముచ్చటైన వస్తువు, అలంకారం అని అర్థం. అంటే ముక్కుకి ముచ్చట. పదిహేనో శతాబ్దం నాటి మాట. ఆనందపురంలో పుట్టి ఉంటే ఇంకా అందంగా ఉండేది.

నోస్‌గే ముచ్చటకే పరిమితం కాలేదు. 1750లో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో జైలు జ్వరం పాకి నగర మేయరు, న్యాయమూర్తులు సహా ఎంతోమంది చనిపోయారు. ఖైదీల ఒంటి దుర్వాసనే జ్వరం తెచ్చిందని నమ్మి, ఆ తర్వాత జడ్జీలు పూలగుత్తులు పట్టుకుని బెంచీ ఎక్కేవారు. ఆ జ్వరం టైఫస్. దాన్ని మోసుకొచ్చేది వాసన కాదు, పేను. పాపం ముక్కుదేమీ లేదు.

ఈ అధ్యాయం ఆ నోస్ అనే చిన్న మాట గురించే. మనిషి మొహం మీది మాట పూలగుత్తిలోకి, కొండ మీదకి, ఉక్కు కర్మాగారంలోకి ఎలా నడిచి వెళ్లిందో చూద్దాం. విశాఖ వాళ్లు ఇందుకోసం దూరం పోనక్కర్లేదు. బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ దగ్గర నిలబడి దక్షిణానికి చూస్తే ఎదురుగా కనిపించే కొండ పేరే డాల్ఫిన్ నోస్.

నాసికకి చుట్టం, ముక్కుకి పొరుగు

ముందు మాట పుట్టుక చూద్దాం. ప్రాచీన ఇంగ్లీషులో దీని రూపం 'నోసు'. జర్మన్‌లో నాజె, లాటిన్‌లో నాసుస్, రష్యన్‌లో నోస్, సంస్కృతంలో నాసా, నాసిక. ఇన్ని భాషలు ఒకరినొకరు చూసి రాసుకోలేదు. ఒకే తల్లి భాష నుంచి విడిపోయిన పిల్లలు కాబట్టి పోలికలు మిగిలాయి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే పండితుడు సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లకి ఉమ్మడి మూలం ఉండి తీరాలని చెప్పాక ఈ పోలికల మీద ఒక శాస్త్రమే పెరిగింది. మన తాతలు ముక్కుపొడుం డబ్బీ తీసి నశ్యం పీల్చేవారు. ఆ నశ్యంలో ఉన్నదీ 'నస్' అనే ముక్కే. ఇంగ్లీషు నోస్, తాతగారి నశ్యం ఒకే ఇంటివి.

తెలుగు ముక్కు మాత్రం ఆ ఇంటిది కాదు. తమిళ, మలయాళాల్లో మూక్కు, కన్నడలో మూగు. అరకు, పాడేరు కొండల్లోనూ ఒడిశా సరిహద్దులోనూ వినిపించే కువి, దాని అక్క కుయి భాషల్లో ముంగెలి. ఇది ద్రావిడ కుటుంబం. ఈ కుటుంబం వేరని 1816లోనే అచ్చులో వాదించినవాడు మద్రాసు కలెక్టర్ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఆయన తెలుగు, తమిళ, కన్నడ ధాతువుల్ని పక్కపక్కన పెట్టి, ఇవి సంస్కృతం నుంచి పుట్టినవి కావని చూపించాడు. ఆ వాదనలో ఆయన సాయం తీసుకున్నవాళ్లలో ఆంధ్రదీపిక అనే నిఘంటువు కూర్చిన మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య ఒకరు.

మన ఇంట్లో రెండు మాటలూ ఉన్నాయి గానీ వాటి పని వేరు. పురాణంలో అందంగా ఉండేది నాసిక. జలుబు చేస్తే కారేది ముక్కు. కోపం ఉండేది ముక్కు మీద, ఆశ్చర్యపోతే వేలు పడేది ముక్కున, అప్పు వసూలయ్యేది ముక్కు పిండితే. వీటిలో ఒక్కదానిలోనైనా నాసిక పెట్టి చూడండి, నవ్వొస్తుంది. ఇంగ్లీషు వాడి ఇంట్లోనూ ఇదే ఏర్పాటు. ఇంటి మాట నోస్, డాక్టరు చీటీ మీద లాటిన్ నుంచి తెచ్చుకున్న నేసల్. అతను దాయాది దగ్గర అరువు తెచ్చుకున్నాడు, మనం పొరుగింట్లో తెచ్చుకున్నాం. అంతే తేడా. ఏ భాషైనా ఒంటి పేర్లను అంత సులువుగా వదులుకోదు. పసివాడికి అమ్మ మొదట నేర్పే మాటలవి. 'ముక్కేదీ? చెవేదీ?' అన్న ఆట సాగినంత కాలం ఆ మాట బతికే ఉంటుంది. అందుకే భాషల చుట్టరికం తేల్చేటప్పుడు శాస్త్రజ్ఞులు ముందు అడిగే మాటల జాబితాలో కన్ను, చెవి, నాలుకతో పాటు ముక్కు తప్పకుండా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. జపాన్ భాషలో 'హన' అంటే ముక్కు, 'హన' అంటే పువ్వు కూడా. పూల మార్కెట్‌లో నిలబడి వింటే ఎంత బాగుందో! కానీ అవి రెండు వేరు మాటలు, రాసే అక్షరాలూ వేరు.

చుట్టరికం ఒక్కోసారి అనుకోని చోట బయటపడుతుంది. ఇంగ్లీషులో ముక్కు రంధ్రాన్ని నోస్ట్రిల్ అంటారు. ప్రాచీన ఇంగ్లీషులో 'థిరెల్' అంటే బెజ్జం. నోస్ పక్కన అది చేరి అరిగి నోస్ట్రిల్ అయింది. అదే థిరెల్ నుంచి వచ్చిన క్రియకి మొదట పొడవడం, బెజ్జం వేయడం అని అర్థం. తర్వాత మనసుని గుచ్చేది, ఒళ్లు జలదరింపజేసేది అయింది. అదే థ్రిల్. రాత్రి రెండో ఆటకి మీరు చూసిన థ్రిల్లర్‌కీ మీ ముక్కుపుటాలకీ ఒకే బెజ్జం.

ముక్కు మూసుకుని 'మామ' అనండి

చిన్న ప్రయోగం. రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకుని 'తాత' అనండి. ఏమీ కాదు. ఇప్పుడు 'మామ' అనండి. 'బాబ'లా వినిపిస్తుంది. 'నాన్న' దాదాపు 'దాద్ద' అవుతాడు. అంగిలి వెనక ఒక మెత్తని తలుపు ఉంది. త, ప, క పలికేటప్పుడు అది ముక్కు దారి మూసేస్తుంది. మ, న పలికేటప్పుడు కిందికి జారి గాలిని ముక్కులోకి వదులుతుంది. ఙ, ఞ, ణ, న, మ అనే ఐదింటినీ మన వ్యాకరణం అనునాసికాలు అంది అందుకే. ముక్కు లేనిదే అవి లేవు.

మరి ముక్కు పేరులోనే ముక్కుతో పలికే ధ్వని ఉండటం కాకతాళీయమా? నోస్‌లో న, నాసికలో న, ముక్కులో మ. 2016లో బ్లాసీ, విక్‌మాన్, క్రిస్టియన్‌సెన్ తదితర పరిశోధకులు ప్రపంచ భాషల్లో దాదాపు మూడింట రెండు వంతుల పదజాబితాలు తిరగేసి ఈ ప్రశ్ననే అడిగారు. చుట్టరికం లేని భాషల్లో సైతం ముక్కు అనే మాటలో 'న' ధ్వనీ, 'ఉ' లాంటి అచ్చూ ఉండవలసినదానికన్నా ఎక్కువగా కనిపించాయి. ఇది మొగ్గే గానీ నియమం కాదు, ఆ ధ్వనులు లేని భాషలూ బోలెడు. అయినా మాటకీ వస్తువుకీ మధ్య సంబంధం పూర్తిగా గుడ్డిది కాదని మాత్రం దీనివల్ల తెలుస్తోంది.

సముద్రంలోకి చాచిన ముక్కు

ఇక కొండ దగ్గరకి వద్దాం. మొహం మీద ముందుకి పొడుచుకొచ్చినది ముక్కు. తీరం మీద సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేలని చూసి నావికులకి అదే గుర్తొచ్చింది. ఇంగ్లండు తీరంలో డంజెనెస్, ఆర్ఫర్డ్‌నెస్ లాంటి పేర్ల చివర ఉన్న 'నెస్', నోస్‌కి దగ్గరి చుట్టమని భాషావేత్తల అభిప్రాయం. ఫ్రాన్స్ ఒడ్డున గ్రీ నే అనే అగ్రం ఉంది, చదవడానికి బూడిదరంగు ముక్కు అనే అర్థం. ఇన్వర్‌నెస్ పేరులో నెస్ మాత్రం ముక్కు కాదు, అది నది పేరు. అగ్రానికి ఇంగ్లీషులో ఇంకో మాట కేప్, అది లాటిన్‌లో తల అనే మాట నుంచి వచ్చింది. అగ్రాలకి అరబ్బీలో పెట్టే 'రాస్' అన్నా తలే. మన దేశంలో ముక్కు పేరు పెట్టే సరదా తెల్లవాళ్లు కొండల మీదా తీర్చుకున్నారు. కూనూరులో, కొడైకెనాల్‌లో కూడా డాల్ఫిన్ నోస్‌లు ఉన్నాయి. లోనావాలా దగ్గర ఒక కొండకి కొనదేలిన ముక్కున్న వెల్లింగ్టన్ ప్రభువు పేరు మీద డ్యూక్స్ నోస్ అని పెట్టారు.

వీటన్నిటిలో ఊరికి అన్నం పెట్టిన ముక్కు మాత్రం విశాఖదే. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డుకి ఏటవాలుగా తగులుతూ ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. తూర్పు తీరంలో చాలా ఏటిమొగలు ఇసుక మేట వేసి పూడుకుపోయేది ఇందుకే. ఇక్కడ దక్షిణపు అలలకి డాల్ఫిన్ నోస్ ఛాతీ చూపిస్తుంది. దాని చాటున, ఉత్తరం పక్కన, ఓడలు లోపలికి వచ్చే కాలువ తవ్వారు. కొండకి తోడుగా రెండు పాత ఓడల్ని ముంచి అలలకి అడ్డుకట్ట కట్టారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ ఈ కాలువ గుండా లోపలికి వచ్చింది. ఇసుక ఆగదు కాబట్టి ఈనాటికీ పోర్టు వాళ్లు దాన్ని తవ్వి తీసి ఆర్కే బీచ్ వైపు పోస్తూనే ఉంటారు. కొండ మీద దీపస్తంభం ఓడలకి దారి చూపుతుంది.

కొండ ఇన్ని వేల ఏళ్ల అలలకి నిలిచిందంటే అందులో రాయి గట్టిది. దాని పేరు ఖొండలైట్. గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలున్న ఈ రాయికి 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని ఆ పేరు పెట్టాడు. ఒడిశా, ఆంధ్ర కొండల్లో ఉండే ఖోండు జనం పేరు అది. ముక్కుని ముంగెలి అనే జనం వాళ్లే. కొండకి ముక్కు పేరు ఇంగ్లీషు వాళ్లిచ్చారు, రాయి పేరు ఖోండులది.

డాల్ఫిన్ అసలు ముక్కు

ఇప్పుడు అసలు చిక్కు. డాల్ఫిన్ ముక్కు అక్కడ ఉండదు.

డాల్ఫిన్ మొహం ముందు కోసుగా సాగి ఉండేది దాని దవడలు. శాస్త్రజ్ఞులు దాన్ని రాస్ట్రం అంటారు. లాటిన్‌లో ఆ మాటకి పక్షి ముక్కు అని అర్థం. ఊపిరి పీల్చే ముక్కు నెత్తి మీద ఉంది. నీటి పైకి వచ్చి బుస్సుమని గాలి వదిలే ఆ ఒక్క రంధ్రమే దాని నోస్. డాల్ఫిన్ చేప కాదు, పాలిచ్చే జంతువు. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు దాని ముక్కు రంధ్రాలు మనకి మల్లే మూతి కొసనే ఉంటాయి. పెరిగే కొద్దీ వెనక్కి జరిగి నెత్తికెక్కుతాయి.

ఆ ప్రయాణానికి కోట్ల ఏళ్ల చరిత్ర ఉంది. డాల్ఫిన్లు, తిమింగలాల పూర్వీకులు నేల మీద నాలుగు కాళ్లతో నడిచిన జంతువులు. జమ్మూ కాశ్మీరులోని కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు అనే భారతీయ భూవిజ్ఞాని కొన్ని శిలాజాలు సేకరించి, 1971లో వాటిలో ఒక జంతువుకి ఇండోహయస్ అని పేరు పెట్టాడు. ఆయన పోయాక ఇంట్లో మిగిలిన రాళ్లని ఆయన భార్య హాన్స్ థెవిసెన్ అనే శాస్త్రజ్ఞుడికి ఇచ్చింది. థెవిసెన్ ప్రయోగశాలలో ఒక పుర్రెను శుభ్రం చేస్తుండగా పొరపాటున చెవి ఎముక విరిగింది. విరిగిన చోట తిమింగలాలకి మాత్రమే ఉండే మందపాటి అంచు కనిపించింది. 2007లో ఆ సంగతి నేచర్ పత్రికలో వచ్చింది. జింకపిల్లలా ఉండే ఆ చిన్న జంతువు తిమింగలాలకి దగ్గరి బంధువని తేలింది.

నీటిలోకి దిగిన బంధువుల ముక్కు పైకి జరిగింది, పని కూడా మారింది. డాల్ఫిన్‌కి వాసన పట్టే శక్తి దాదాపు లేదు. మెదడులో ఆ పనికి ఉండాల్సిన భాగమే కరిగిపోయింది. ముక్కు దారిలో ఉన్న రెండు పెదవుల్లాంటి మడతల్ని గాలితో అదిలించి అది టక్కుటక్కుమనే శబ్దాలు చేస్తుంది. అవి చేపకి తగిలి తిరిగొస్తే చీకటి నీళ్లలోనూ దారి తెలుస్తుంది. ఆ మడతలకి పాత శరీరశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కోతి మూతి. డాల్ఫిన్ ముక్కులో కోతి మూతి! మనిషి ఒంటి పేర్లు, జంతువుల ఒంటి పేర్లు ఎలా కలగాపులగం అవుతాయో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అయితే కొండ పేరు తప్పా? ఇంగ్లీషులో కొంచెం తప్పే. తెలుగులో కాదు. మనం మనిషి ముక్కునీ ముక్కే అంటాం, పక్షి ముక్కునీ ముక్కే అంటాం. కొన వంపు తిరిగిన ఒక మామిడికాయని తమిళులు కిళిమూక్కు అంటారు, చిలకముక్కు అని. మనం కలెక్టర్ కాయ అంటున్నది దాన్నే. ముందుకి పొడుచుకొస్తే చాలు, మనకది ముక్కు. ఊపిరి ఆడుతుందా లేదా అని అడగం. శాస్త్రజ్ఞుడు డాల్ఫిన్ మూతిని పక్షి ముక్కు అన్నాడు గనక, డాల్ఫిన్ ముక్కు అని తెలుగులో అంటే శరీరశాస్త్రం కూడా కాదనలేదు.

బుల్లిముక్కు

చివరి మజిలీ ఉక్కునగరం. నోస్‌కి చిన్నది అనే అర్థమిచ్చే తోక తగిలిస్తే నాజిల్ అయింది. అంటే బుల్లిముక్కు. పెట్రోలు బంకులో, తోటకి నీళ్లు పట్టే గొట్టం చివర, రైతు వీపున తగిలించుకున్న స్ప్రేయర్ కొసన రోజూ చూసేదే.

1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. పేర్లు నదులవీ దేవతవీ. లోపలి భాగాల పేర్లు మాత్రం ఒంటివి. ముడిఖనిజం పడే పైభాగం గొంతు, వెడల్పాటి మధ్యభాగం పొట్ట. ప్రపంచమంతా ఇంజనీర్లు వాడే మాటలివి. అక్కడ తయారైన ఇనుము ఉక్కుగా మారి, 1,500 డిగ్రీలు దాటిన వేడితో లేడిల్ అనే పెద్ద పాత్రలోకి వస్తుంది. లేడిల్ అడుగున ఉన్న నాజిల్ గుండా టండిష్ అనే తొట్టిలోకి, అక్కడి నుంచి మరో నాజిల్ గుండా నీటితో చల్లబరిచే అచ్చులోకి దిగుతుంది. గాలి తగిలితే ఉక్కు పాడవుతుంది కాబట్టి నాజిల్ కొసని ద్రవంలో ముంచే ఉంచుతారు.

ఈ బుల్లిముక్కుకీ జబ్బు చేస్తుంది. ఉక్కులోని ఆక్సిజన్‌ని తీసేయడానికి అల్యూమినియం వేస్తారు. దాంతో పుట్టే అల్యూమినా రేణువులు నాజిల్ గోడలకి పేరుకుని దారిని ఇరుకు చేస్తాయి. ముదిరితే పోత ఆపాల్సిందే. అచ్చంగా ముక్కుదిబ్బడ. మందు కూడా ఉంది. తగు మోతాదులో కాల్షియం కలిపితే ఆ గట్టి రేణువులు కరిగి ద్రవంలా జారిపోతాయి. అవసరమైతే ఆర్గాన్ వాయువు ఊదుతారు. మనం ఆవిరి పట్టినట్టే అనుకోండి.

ఆనందపురం పరిసరాల మల్లెతోటల్లో పురుగుమందు చల్లేదీ నాజిలే. బుల్లిముక్కు చల్లితే పూసిన పువ్వు మన ముక్కు దాకా వస్తోంది. మన ముక్కు లోపల సుమారు 400 రకాల గ్రాహకాలు ఆ వాసనని పడతాయి. వాటి జన్యువుల్ని 1991లో కనిపెట్టినందుకు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకి 2004లో నోబెల్ వచ్చింది. 400 గ్రాహకాలున్నా, మల్లె వాసన ఎలా ఉంటుందో చెప్పమంటే 'మల్లెలా ఉంటుంది' అనడం తప్ప చేతకాదు. అందుకే కాబోలు, భాష ముక్కు పనిని వదిలేసి దాని ఆకారాన్నే అరువు తీసుకుంది. కొండ, గొట్టం, విమానం, మామిడికాయ, అన్నిటికీ ముక్కు దొరికింది ఆకారం వల్లే, వాసన వల్ల కాదు.

ఇలాంటి మాటలు గ్రంథాలయాల్లో పుట్టవు, పనిలో పుడతాయి. ఆ సంగతి ఎరిగిన భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊళ్లకి మనుషుల్ని పంపి, రైతులు నాగలికీ బండికీ వాడే మాటలన్నీ ఏరించి, 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. మీ ఇంట్లో, మీ పొలంలో, మీ వర్క్‌షాపులో ఏ పనిముట్టుకైనా ముక్కు, చెవి, పీక, నడుము ఉంటే ఆ మాట, అది అన్న మనిషి ఊరు, తేదీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. ఆ మాట తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే ఆ పని చేయాలి.